సొట్ట తీయని కప్పు

ఆ తూకం గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏముంది, మామూలు గదే. పందెంలో దిగే రౌతుని జీనుతో సహా కూర్చోబెట్టి తూచే గది. దూలానికి గొలుసులతో వేలాడే తోలు కుర్చీ, పక్కన గోడకి బరువు చూపించే ముల్లు, జీన్లు తగిలించే కొయ్యలు, మూలన అద్దాల బీరువా. పందేలున్న రోజున అందులో కాలు పెట్టే సందుండదు. చెమట వాసన, తోలు వాసన, ఒకరి మీద ఒకరు అరుచుకోవడం. కానీ పొద్దు గూకితే చాలు, ఆ గదిలోంచి మనుషులు ఇట్టే మాయమైపోతారు. కాపలావాడు గొళ్లెం పెట్టేటప్పుడు కూడా మొహం అవతలికి తిప్పుకునే పెడతాడు.

పాపం గదిదేం తప్పు లేదు. తంటా అంతా బీరువాలో ఉన్న వెండి కప్పుతోనే.

రాత్రిపూట కప్పు మోగితే గుర్రం వస్తుంది — అంటారు. గుర్రం వచ్చిన మర్నాడు... ఒక రౌతు పడతాడు.

ఎవరు చూశారయ్యా అని అడిగితే చూసినవాడు ఒక్కడూ లేడు. అందరూ విన్నవాళ్లే. కప్పుకి పడ్డ సొట్ట తీస్తానని ఒకడొచ్చాడు. సగం రాత్రిలో పనిముట్లు వదిలేసి పోయాడు. తరవాత ఇంకొకడొచ్చాడు. వాడు చెప్పులు కూడా వదిలేశాడు. ఆ చెప్పులు గోడవార చాలాకాలం ఉన్నాయి. వాటిని తీసి పారేసే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

ఇంతకీ ఆ కప్పు ఈనాటిది కాదు. ఈ మైదానానికి చుట్టూ కంచె కూడా లేని రోజుల్లో ఒక డబ్బున్నాయన మండుటెండలో తన గుర్రాన్ని పందెంలో దింపాడట. నెగ్గింది. ఆ సంబరంలో ఆయన గ్లాసు మీద గ్లాసు ఎత్తుతున్నాడే గానీ, గుర్రానికి ఒక బక్కెట్టు నీళ్లు పెట్టాలన్న ధ్యాస ఒక్కరికీ రాలేదు. అది నిలబడ్డచోటే కూలిపోయి ప్రాణం విడిచింది. ఆ దెబ్బకి ఆయన మళ్లీ మనిషి కాలేదు. తను తినే కంచం, తాగే గ్లాసు, ఇంట్లో ఉన్న వెండంతా కరిగించి ఈ కప్పు చేయించాడు. పిడులు రెండూ రెండు గుర్రపు తలలు. మెడలు వంచి, దాహంగా కప్పులోకే చూస్తుంటాయి. క్లబ్బుకిచ్చేటప్పుడు ఆయన ఒకటే మాటన్నాడు — నెగ్గిన గుర్రం ఇందులో నీళ్లు తాగాకే మనిషి దీన్ని ముట్టుకోవాలి.

అప్పటినుంచీ అదే ఆచారం. కప్పులో నీళ్లు పోస్తారు. కొరడా పిడితో అంచు మీద కొడతారు. టంగ్... మని మోగుతుంది. గుర్రం తలతిప్పి వచ్చి తాగుతుంది. ఒకసారి ఆ మోత విని తాగిన గుర్రం జన్మలో దాన్ని మరిచిపోదంటారు.

ఇక ఆ సొట్ట. అది సుత్తమ్మ కాపురం కూలిన రోజు పడింది.

సుత్తమ్మ అంటే పాతవీధిలో వెండి సామాను బాగుచేసే ఆవిడ. పనంతా తండ్రి దగ్గర నేర్చుకుంది. పొద్దస్తమానం చేతిలో సుత్తి ఉండేది కాబట్టి వీధి పిల్లలు పెట్టిన పేరది. ఆవిడా కాదనలేదు. "పోనీలే, కత్తెమ్మ అనలేదు" అని నవ్వేది. అది నవ్వే రోజుల్లో మాట.

ఆవిడ మొగుడు రౌతు. పొట్టిగా, తేలిగ్గా, గాలికి ఎగిరిపోతాడేమో అన్నట్టుండేవాడు. నుదుట తెల్ల మచ్చ ఉన్న చుక్క అనే ఆడగుర్రం మీద ఆ కప్పు రెండుసార్లు నెగ్గాడు. మిగతా రౌతులు పందెం అవగానే దిగి, పగ్గం లాయం వాళ్ల మొహాన విసిరేసి పోయేవాళ్లు. ఈయన అలా కాదు. "ఎక్కినవాడే నడిపించాలి" అనేవాడు. చెమటారేదాకా చుక్కని తనే తాడు పట్టుకుని నడిపించేవాడు. నడక మొదలుపెట్టే ముందు తాడుని రెండుసార్లు మెల్లగా గుంజేవాడు. అది ఆయన అలవాటు. చుక్కకి అది 'పద పోదాం' అన్న మాట.

మూడోసారి కూడా చుక్కే ముందు గీత దాటింది. దాటాక... ముందుకాలు మడతపడింది. ఆయన కింద, అది పైన. దాని తల వెళ్లి కమ్మీకి కొట్టుకుంది. పైన మెట్ల మీద కప్పు పట్టుకుని నిలబడ్డ చుక్క యజమాని చేతిలోంచి కప్పు జారి రాయి మీద పడింది. సొట్ట అదే.

రౌతు గీత దాటితే సరిపోదు. వెనక్కొచ్చి తూకం కుర్చీలో కూర్చోవాలి. కూర్చోకపోతే గెలుపు గెలుపు కాదు. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆయన లేడు. రెండోదిగా వచ్చిన గుర్రం పేరు కప్పు మీద చెక్కారు. నీళ్లు కూడా దానికే పెట్టారు.

సుత్తమ్మ ఆ తరవాత గుర్రం బొమ్మ ఉన్న సామాను కూడా పనికి తీసుకోలేదు. చుక్క ఏమైందని అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కాలు విరిగిన గుర్రాన్ని ఏం చేస్తారో ఆవిడకి తెలుసు. అదే అయిందనుకుంది. అయితే మంచిదే అనుకుంది కూడా.

ఆవిడకి మిగిలింది ఒక్కగానొక్క కొడుకు. వాణ్ణి గుర్రం నీడ పడకుండా పెంచింది. ఎంత పెంచితే ఏం, వాడు అచ్చం తండ్రిలాగే పొట్టిగా, తేలిగ్గా తయారయ్యాడు. పెద్దయ్యాక తిరిగి తిరిగి అదే క్లబ్బులో గడ్డి గోదాములో పనికి కుదిరాడు. ఆవిడ వారం రోజులు వాడితో మాట్లాడలేదు. "గోదాములో గడ్డి ఉంటుందమ్మా, గుర్రం ఉండదు" అని వాడు బతిమాలితే సరేనంది. తెల్లారకుండానే గడ్డి బళ్లొస్తాయని రోజూ చీకటితో వెళ్లేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు క్లబ్బు సెక్రటరీ స్వయంగా పాతవీధికి వచ్చాడు.

"రేపు కప్పు పందెం. పెద్దవాళ్లొస్తున్నారు, ఫోటోలు తీస్తారు. ఆ సొట్ట ఉంటే బాగోదమ్మా. కప్పు బయటికివ్వడానికి రూలు ఒప్పుకోదు. పగలు ఆ గది ఖాళీ ఉండదు. ఈ రాత్రికి వచ్చి చేసిపెట్టు."

"ఆ కప్పు నేను ముట్టుకోనండి."

"మీ అబ్బాయి సంగతి ఆలోచిస్తున్నాను. ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. పందెం అయ్యాక మాట్లాడుకుందాం."

ఆవిడ చెవిలో పడింది ఒకటే మాట — కుర్చీ. కుర్చీలో కూర్చున్నవాడు ఎంత పడినా మూరెడు ఎత్తు నుంచే పడతాడు. కొడుకు నేల మీద ఉంటే చాలు. దెయ్యం ఉంటే ఉండనీ, మొగుణ్ణి తిన్న చోటికి మళ్లీ వెళ్లాల్సొస్తే వెళ్తుంది. ఆవిడ పనిముట్ల సంచి సర్దుకుంది. కొడుక్కి మాత్రం, షావుకారింట్లో రాత్రి పనుందని చెప్పింది. వాడు తనకీ గోదాములోనే పడక అన్నాడు. తల్లీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే బయలుదేరారు.

కాపలావాడు తలుపు తీశాడు గానీ గడప దాటలేదు.

"అమ్మాయ్, పని చేసుకో. కానీ దాన్ని మోగించకు."

"మోగించకుండా ఎలా బాబాయ్? మీటి చూస్తేనే గదా ఎక్కడ చిట్లిందో తెలిసేది."

"అయితే నన్ను పిలవకు. పిలిచినా నేను రాను. ముందే చెప్తున్నా, తరవాత మాటొద్దు." మేడ మీదికి చెయ్యి చూపించాడు. "పైన రౌతులు పడుకున్నారు. పందెం ముందురాత్రి వాళ్లని బయటికి పంపరు. గట్టిగా అరిస్తే వాళ్లే రావాలి."

అతను వెళ్లిపోయాడు. నడుస్తూ వెళ్లినవాడు, మలుపు తిరిగాక పరిగెత్తిన చప్పుడు వినిపించింది.

గదిలో ఒకటే బల్బు. దాని వెలుగు గడప దాకా వెళ్లి ఆగిపోతోంది. మైదానం వైపు తలుపు ఒకటి, లోపల మేడమెట్ల వైపు తలుపు ఒకటి. మధ్యలో గొలుసుల కుర్చీ. ఆవిడ దాని వైపు చూడకుండా వీపు పెట్టి కూర్చుంది. చూడకపోయినా అది అక్కడుందని వీపుకి తెలుస్తూనే ఉంది.

కప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. చేతులు పనిలో పడిపోయాయి. లోపల ఇనప గుండు ఆనించి, పైన తోలు చుట్టిన కొయ్యసుత్తితో సొట్ట అంచు చుట్టూ చిన్న చిన్న దెబ్బలు. వెండి మొండిది. తొందరపెడితే చిట్లుతుంది. బుజ్జగిస్తే దానంతటదే తన పాత ఆకారం గుర్తు తెచ్చుకుంటుంది. వాళ్ల నాన్న చెప్పేవాడు.

సొట్ట సగం లేచింది. కప్పుని అరచేతిలో నిలబెట్టి, అంచుని గోటితో మీటింది.

టంగ్...

ఎంతసేపు మోగిందో. గది మూలమూలలా తిరిగి, తలుపు సందులోంచి మైదానంలోకి పోయింది ఆ మోత.

చిట్లలేదు. గొంతు శుభ్రంగా ఉంది. ఆవిడ మళ్లీ సుత్తి ఎత్తింది.

దూరంగా... టక్.

ఒక్కటే. అంతే. ఆవిడ సుత్తి గాలిలోనే ఆపి విన్నది. ఏమీ లేదు. పైన రౌతుల్లో ఎవరో మంచం దిగి ఉంటారు, అనుకుంది. నాలుగు దెబ్బలు వేసింది. మీటింది.

టంగ్...

టక్. టక్. టక్... సర్ర్.

ఈసారి మేడ మీద కాదు. బయట. లాయాలున్న వైపు నుంచి. మూడడుగులు గట్టిగా, నాలుగోది ఈడ్చుకుంటూ.

చెప్పులు వదిలేసి పారిపోయినవాడు ఎందుకు వదిలేశాడో ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. లోపలి తలుపు పది అడుగుల దూరం కూడా లేదు. లేచి వెళ్లిపోవచ్చు. కానీ వెళితే పని ఆగిపోతుంది. పని ఆగితే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే, వాడు గడ్డి గోదాములోంచి ఎప్పుడో ఒకరోజు లాయంలోకి, లాయంలోంచి జీను మీదికి...

ఆవిడ కూర్చునే ఉంది.

'రేపు పడేది ఎవరి బిడ్డో' అనుకుంది. పైన పడుకున్నవాళ్లలో ఎవరో ఒకడు. ఏ తల్లి కన్నదో. వెంటనే ఇంకో మాట మనసులో మెదిలింది — నా కొడుకు కాదు. నా కొడుకు నేల మీద ఉన్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా అదే మాట పట్టుకుని గుండె కాస్త కుదుటపడింది.

చేతులకి ఏదో ఒక పని చెప్పాలి. సుత్తి పడ్డచోట కంటికి కనపడని బీటలుంటే నీళ్లు చెమరుస్తాయి. ఆవిడ కూజా ఎత్తి కప్పు నిండా నీళ్లు పోసింది. బల్ల మీద పెట్టి, అడుగున తడి వస్తుందేమోనని వంగి చూస్తోంది.

టక్. టక్. టక్... సర్ర్.

కంకర దారి దాటింది. ఇప్పుడు రాతి పలకల మీద.

టక్. టక్. టక్...

ఆగింది. తలుపు అవతలే.

ఊపిరి వినపడుతోంది. పెద్ద ఊపిరి. మనిషిది కాదు.

వెనకాల గొలుసులు కిర్రుమన్నాయి. ఆవిడ తల తిప్పలేదు. గాలి, అనుకుంది. గాలే అయ్యుండాలి దేవుడా, అనుకుంది.

తలుపు మెల్లగా లోపలికి తెరుచుకుంది.

ముందు ఒక మూతి. తరవాత పొడుగాటి మొహం. నుదుట తెల్లటి మచ్చ. దాని కింద రెండు కళ్లు... కళ్లు కావవి. సున్నం పూసినట్టు తెల్లగా, చూపు లేకుండా, సూటిగా ఆవిడ వైపే.

"చుక్క..."

పెదాలు కదిలాయంతే. చచ్చిన గుర్రం. మొగుణ్ణి కింద వేసుకుని చంపిన గుర్రం. అది తల ముందుకి చాచింది. గాలి వాసన చూసింది. ఇంకా చాచింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది.

జుర్ర్... జుర్ర్...

ఆవిడ కళ్లు తెరిచింది. గుర్రం కప్పులో మూతి పెట్టి నీళ్లు తాగుతోంది. నీళ్లు తగ్గుతున్నాయి. వెండి గుర్రపు తలలు రెండూ అటూ ఇటూ నిలబడి ఆశగా చూస్తున్నాయి. వెచ్చటి ఊపిరి ఆవిడ ముంజేతికి తగిలింది. మెడ మీద ఈగ వాలితే చర్మం చటుక్కున వణికింది.

దెయ్యాలకి దాహం ఉంటుందేమో గానీ, వాటి మీద ఈగలు వాలవు.

ఆవిడకి ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. బతికే ఉంది. కాల్చెయ్యలేదు. ఇన్నేళ్లూ ఏదో మూల లాయంలో పడి ఉంది. రాత్రి కప్పు మోగినప్పుడల్లా, ఆ రోజు తనకి పెట్టకుండా వేరేదానికి పెట్టిన నీళ్ల కోసం కుంటుకుంటూ బయలుదేరింది. అది వచ్చేలోపలే మగవాళ్లంతా చెప్పులు వదిలేసి పారిపోయారు. ఊరంతటినీ గడగడలాడించిన దెయ్యం ఇది. ఒక గుడ్డి ముసలి గుర్రం.

"నువ్వా," అంది. తిట్టాలనుకుంది. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న తిట్లున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యి దానంతటదే వెళ్లి ఆ తెల్ల మచ్చ మీద ఆగింది.

అప్పుడు గమనించింది తాడుని. గుర్రం మూతిపట్టీకి కట్టిన తాడు తలుపులోంచి బయటికి, చీకట్లోకి పోతోంది. అవును, గుడ్డిది ఒంటరిగా ఎలా వస్తుంది? ఎవరో తీసుకొచ్చారు.

"ఎవరక్కడ?" అంది గుసగుసగా.

మొగుడి రోజుల నుంచీ లాయంలో గుర్రాల్ని చూసుకునే ముసలాయన గుర్తొచ్చాడు.

"లాయం తాతా... నువ్వేనా?"

చుక్క మూతి ఎత్తింది. కప్పులో నీళ్లు నిలకడకి వచ్చాయి. నున్నగా తోమిన కప్పు పొట్ట మీద గదంతా వంకరగా కనిపిస్తోంది. బల్బు. కుర్చీ. కుర్చీ పక్కన... ఒక మనిషి.

పొట్టి మనిషి. పచ్చా పసుపూ చారల చొక్కా. తెల్ల టోపీ.

ఆయన్ని ఇంటికి తెచ్చి దింపినప్పుడు ఒంటి మీద ఉన్నది ఆ పందెం చొక్కానే. చారలు సరిగ్గా అవే.

తిరిగి చూస్తే ఏమవుతుందో తెలియదు. చూడకపోతే ఏమవుతుందో అంతకన్నా తెలియదు. కప్పు మీది బొమ్మతోనే మాట్లాడింది.

"ఏమయ్యా... ఎందుకొచ్చావు? రేపు ఎవర్ని తీసుకుపోవడానికి?"

బొమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"అమ్మా," అంది.

ఆవిడ గిరుక్కున తిరిగింది.

కొడుకు. లోపలి తలుపులోంచి వచ్చి, నిద్ర లేని కళ్లతో, టోపీ తీసి రెండు చేతులా నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నువ్వేంటమ్మా ఇక్కడ? కప్పు మోగితే కిందికి దిగొచ్చాను. షావుకారింట్లో పనన్నావు కదా..."

ముందు ప్రాణం లేచొచ్చింది. 'నా బిడ్డే, దెయ్యం కాదు' అని. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే వాడి చొక్కా మీద చూపు ఆగింది. పైన రౌతులు పడుకున్నారు. వీడు పైనుంచి దిగొచ్చాడు. రోజూ చీకటితో బయలుదేరేది గడ్డి బళ్ల కోసం కాదు.

దెయ్యమైనా బాగుండేదనిపించింది ఆవిడకి.

"విప్పు," అంది.

"అమ్మా..."

"ఆ చొక్కా విప్పు."

"పొద్దున పందెమమ్మా. నిద్ర పట్టక ఇవి వేసుకునే పడుకున్నాను. నా నంబరు రాసేశారు. నీకు చెప్పొద్దని సెక్రటరీగారిని నేనే బతిమాలాను."

పందెం అయ్యాక మాట్లాడుకుందాం. ఎంత తెలివిగా అన్నాడు పెద్దమనిషి. ఆవిడకి ఆ కోపం కూడా నిలవలేదు. భయం తప్ప ఇంకేదీ లోపల పట్టడం లేదు.

"కప్పు మోగింది. గుర్రం వచ్చింది. నీకు తెలుసు కదరా ఆ మాట."

"చుక్క దెయ్యం కాదమ్మా. మా లాయంలోనే ఉంటుంది. రోజూ మేత నేనే పెడతాను. ఒక్కసారి నాన్న కూర్చున్న కుర్చీలో కూర్చుని, ఆయన కోసం తూకం వేయించుకుంటే చాలు. ఒక్కసారే."

"ఆయనా ఒక్కసారే అన్నాడు."

వాడు తల దించుకున్నాడు. చొక్కా మాత్రం విప్పలేదు. తండ్రి మొండితనం. ఇక ఎంత కొట్టినా ఈ వెండి వంగదని ఆవిడకి తెలిసిపోయింది. మాట మార్చింది.

"సర్లే. ముందు దీన్ని తీసుకెళ్లి కట్టేసి రా. చూపు లేనిదాన్ని, కుంటిదాన్ని ఇంత దూరం ఎందుకు నడిపించుకొచ్చావు? బయట కమ్మీకి కట్టేసి, మెట్ల దారిన వచ్చి నన్ను హడలగొట్టాలా?"

కొడుకు ఆవిడ వైపు వింతగా చూశాడు.

"నేనెక్కడ తెచ్చానమ్మా? నేను పడక మీంచి లేచి వస్తున్నాను. నువ్వే తాతని అడిగి తెప్పించావనుకున్నా."

"తాతేడి?"

"ఊళ్లో లేడు. కూతురింటికెళ్లాడు." వాడి గొంతు సన్నబడింది. "అమ్మా... చుక్క ఒంటరిగా ఒక్కడుగు వెయ్యదు. చూపు పోయినప్పట్నుంచీ అంతే. తాడు పట్టుకునే మనిషి ఉండాలి."

ఇద్దరూ తలుపు వైపు చూశారు.

తాడు గడప మీద పడి లేదు. వేలాడటం కూడా లేదు. గుర్రం మూతి నుంచి బయటి చీకటి దాకా, నడుమంత ఎత్తున, బిగుసుకుని ఉంది. బయట ఆ వైపు కమ్మీ లేదు. స్తంభం లేదు. ఖాళీ మైదానం.

తాడు కదిలింది. మెల్లగా... ఒకసారి. ఇంకోసారి.

రెండు చిన్న గుంజులు.

చుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. మెడ తిప్పింది. కొడుకు కూడా, పిలిచినట్టు, తనకి తెలియకుండానే, గడప వైపు ఒక అడుగు వేశాడు.

ఆవిడ ఎలా లేచిందో ఆవిడకే తెలియదు. కొడుక్కీ తలుపుకీ మధ్య వెళ్లి నిలబడింది. చీకట్లోకి చూస్తే ఏమీ లేదు. బల్బు వెలుగు ఆగినచోట నుంచీ అంతా నలుపు.

"వచ్చింది నువ్వేనని తెలుసు," అంది. "నీ గుర్రం నీళ్లు తాగింది. నీ బాకీ తీరింది. వీడి చెయ్యి మాత్రం పట్టుకోకు. వీణ్ణి నువ్వు సగంలో వదిలేసి పోయావు. అక్కడ్నుంచి నడిపించుకొచ్చింది నేను. ఎక్కినవాడే నడిపించాలి అనేవాడివే... మోసినదాని సంగతేంటి?"

"వదిలెయ్యి," అంది. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

గొలుసులు కూడా కిర్రుమనలేదు.

తరవాత తాడు మెల్లగా సడలింది. నడుమెత్తు నుంచి మోకాళ్లెత్తుకి, అక్కడ్నుంచి రాతి పలకల మీదికి... విసిరేసినట్టు కాదు. నిద్రపోతున్న పసిబిడ్డ చేతిని పక్కన పెట్టినంత నెమ్మదిగా గడప మీద ఆనింది.

చుక్క ఉన్నచోటే నిలబడిపోయింది. ఇక ఒక్కడుగు కూడా వెయ్యలేదు.

కొడుకు వంగి తాడు కొస అందుకున్నాడు. అందుకుని, అలాగే ఉండిపోయాడు.

"అమ్మా," అన్నాడు. "తాడు ఇక్కడ వెచ్చగా ఉంది."

తెల్లారాక పందెం సందడి మొదలైంది. తూకం గదిలో నంబర్లు పిలిచారు. ఒక నంబరుకి ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచారు. గొలుసుల కుర్చీ ఖాళీగా ఊగింది. సెక్రటరీ చిందులు తొక్కుతూ మనుషుల్ని పంపించాడు. ఆఖరికి లాయం చివర, చీకటి కొట్టులో దొరికాడు. పచ్చా పసుపూ చొక్కా గడ్డి మీద పడి ఉంది. వాడు చుక్క పక్కన గోడకి చేరగిలబడి, తాడుని రెండు చేతులకీ చుట్టుకుని కూర్చున్నాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి గానీ రెప్ప వెయ్యడం లేదు. పక్కనే వాళ్లమ్మ.

"లేవరా, నీ కోసం పందెం ఆగింది," అన్నారు.

వాడు లేవలేదు. కొట్టు మూల ఖాళీగా ఉన్న చోటువైపు ఒకసారి చూసి, తాడు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"నేను వదిలితే," అన్నాడు, "ఆయన పట్టుకుంటాడు."

ఆ రోజు పందెంలో ఎవరూ పడలేదు. కప్పు మీద సొట్ట మాత్రం సగమే లేచి ఉంది. మిగతా సగం తీయమని ఆ తరవాత ఎవర్నీ పిలవలేదు.